పెద్దల సభలో మన పేరిట ఎవరు?

రాజ్యసభకు ఎన్నిక దగ్గర పడుతున్నదన్న సంగతి ఎన్నికల సంఘం ప్రకటనకంటె ముందుగా అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్‌కు తెలిసిపోతుంది. ఖద్దరు మడత నలగనివారి రాకపోకలు హెచ్చుతవి. భోజనశాలలో పప్పు, గోంగూర కలుపుకుంటూ ఎవరికి ఎవరి ఆశీస్సులున్నవో, ఎవరి పేరు ఏ జాబితాలోనుంచి ఏ జాబితాలోకి మారిందో లెక్కలు వేస్తారు. ఈ లెక్కలలో రాష్ట్రాల సమస్యలు మచ్చుకైనా వినిపించవు. ఏళ్ల తరబడి వింటున్నాను గనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

అటువంటి రోజులలో ఒకసారి, శ్రీకాకుళం జిల్లా నుంచి మనుమడి చదువు పని మీద వచ్చిన ఒక పెద్దాయన నా బల్ల వద్దనే భోజనానికి కూర్చున్నారు. పక్క బల్ల మీది సంభాషణ చెవిని పడి కాబోలు, "ఏం బాబూ, పెద్దల సభకు మాచేత ఎన్నడూ ఓటు వేయించరేం?" అని అడిగారు.

"మీరు వేసేశారండీ, 2024 మే 13న" అన్నాను. ఆనాడు శాసనసభకు వేసిన ఓటే రాజ్యసభకూ చెల్లుతుందనీ, శాసనసభ్యులే అక్కడ ఓటర్లనీ వివరించాను. ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని కొంచెంసేపు ఆలోచించారు. "మరి ఆనాడు ఈ పేర్లు మాకెవరూ చెప్పలేదే?" అన్నారు.

ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయింది. ఈ వారం లేఖకు అదే ప్రాతిపదిక.

పాఠకులకు తెలిసిన సంగతులే అయినా కొన్నింటిని ఒకసారి జ్ఞాపకం చేయవలసి ఉన్నది. రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలు. ఒక్కొక్క సభ్యుని పదవీకాలం ఆరు సంవత్సరాలు. రెండేళ్లకొకసారి మూడవవంతు సభ్యులు విరమిస్తారు. లోక్‌సభ సభ్యునికి నియోజకవర్గమంటూ ఒకటి ఉంటుంది. రాజ్యసభ సభ్యునికి రాష్ట్రమంతా నియోజకవర్గమే, కాని ఆ రాష్ట్రంలో ఆయనకు ఓటు వేసేవారు ఆంధ్రలో 175 మంది, తెలంగాణలో 119 మంది. ఎన్నిక దామాషా ప్రాతినిధ్య పద్ధతిలో, ఒకే బదిలీ ఓటు ద్వారా జరగాలని రాజ్యాంగం 80వ అధికరణం నిర్దేశించింది. రాష్ట్రంలో బలం గల పక్షాలన్నింటికీ వాటి వాటి బలాన్ని బట్టి చోటు దక్కాలన్నదే దామాషా అన్న మాటకు అర్థం.

1952లో ఆ అర్థం కొంతవరకు నెరవేరింది. మద్రాసు శాసనసభలో కమ్యూనిస్టులు అధికారంలో లేరు. అయినా వారి బలం వారిదే గనుక శ్రీ పుచ్చలపల్లి సుందరయ్య రాజ్యసభకు వచ్చారు. సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లి వచ్చిన ఆయన కథ ఢిల్లీలో పాతకాలపు పాత్రికేయులు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాటి ప్రతిపక్షపు గొంతును ఆ సభకు చేర్చినది ఈ దామాషా పద్ధతే.

నేడు అదే పద్ధతి ఏ పని చేస్తున్నదో చూడండి. 2019 శాసనసభ ఎన్నికలలో తెలుగుదేశం పక్షానికి నూటికి 39కి పైగా ఓట్లు వచ్చినవి, గెలిచిన స్థానాలు మాత్రం 23. రాజ్యసభకు నాలుగు స్థానాలు ఖాళీ అయితే ఒక సభ్యుని గెలిపించుకోవడానికి 36 మంది శాసనసభ్యులు కావాలి. మూడే ఖాళీ అయితే 44 మంది కావాలి. ఇంకేమున్నది? 2020లో నాలుగు, 2022లో నాలుగు, 2024 ఫిబ్రవరిలో మూడు, మొత్తం పదకొండు స్థానాలూ వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకే దక్కినవి. 1982లో పుట్టిన తెలుగుదేశానికి 2024 ఏప్రిల్ నాటికి రాజ్యసభలో ఒక్క సభ్యుడైనా లేకుండా పోయారు. 1984 తరువాత శ్రీ పర్వతనేని ఉపేంద్ర వంటివారు ఆ పక్షం తరఫున ఢిల్లీ రాజకీయాలలో ఎంతటి పాత్ర వహించారో ఎరిగినవారికి ఇది చిన్న విషయం కాదు.

రెండు మాసాలు తిరగకుండానే బండి తలకిందులైంది. 2024 ఎన్నికలలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు కూడా నూటికి 39కి పైగానే ఓట్లు వచ్చినవి. గెలిచినవి 11. తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పక్షాల కూటమికి 164. కనుక ఈ శాసనసభ ఉన్నంతకాలం, ద్వైవార్షిక ఎన్నిక ఎన్నడు వచ్చినా, 11 మంది బలంతో ఒక్క స్థానమైనా గెలవడం సాధ్యం కాదు. మొదట ఒకరికీ పిమ్మట మరొకరికీ జరిగిన ఈ అన్యాయానికి చెరొకరూ సంతోషించారు గనుక దీనిని అన్యాయమని అనేవారెవరూ మిగలలేదు. రాష్ట్రంలో ప్రతి అయిదుగురు ఓటర్లలో దాదాపు ఇద్దరి అభిప్రాయానికి, ఒకసారి వీరివైపున, ఒకసారి వారివైపున, పెద్దల సభ ఎన్నికలో తావు లేకపోయిందన్నది మాత్రం నిజం. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మూడు స్థానాలకు కాంగ్రెసుకు రెండు, భారత రాష్ట్ర సమితికి ఒకటి వచ్చినవంటే, అక్కడ ప్రతిపక్షానికి 39 మంది సభ్యులుండి, కావలసినవి 30 ఓట్లే కావడం వలన. అంటే దామాషా చచ్చిపోలేదు. శాసనసభలో ప్రతిపక్షం బ్రతికి ఉంటేనే అదీ బ్రతుకుతుంది.

ఆరేళ్ల పదవీకాలం పెట్టడంలో రాజ్యాంగ నిర్మాతలకు ఒక ఉద్దేశమున్నది. ప్రజాభిప్రాయం ఒక ఊపున మారినప్పుడు పెద్దల సభలో వెనకటి తీర్పు కూడా కొంతకాలం నిలిచి ఉండాలని. ఆ ఉద్దేశానికి ఇప్పుడు రాజీనామా అనే విరుగుడు కనిపెట్టారు. 2024 ఆగస్టులో శ్రీ మోపిదేవి వెంకటరమణ, శ్రీ బీద మస్తాన్‌రావు, సెప్టెంబరులో శ్రీ ఆర్. కృష్ణయ్య వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరఫున గెలిచిన స్థానాలకు రాజీనామా చేశారు. డిసెంబరు ఉప ఎన్నికలలో శ్రీ మస్తాన్‌రావు తెలుగుదేశం అభ్యర్థిగా, శ్రీ కృష్ణయ్య భారతీయ జనతా పక్షం అభ్యర్థిగా తిరిగి వచ్చారు. మూడవ స్థానానికి తెలుగుదేశం తరఫున శ్రీ సానా సతీశ్ వచ్చారు. అందరూ ఏకగ్రీవమే. 2025 జనవరిలో శ్రీ విజయసాయిరెడ్డి కూడా రాజీనామా చేయగా, మే మాసంలో ఆ స్థానానికి భారతీయ జనతా పక్షానికి చెందిన శ్రీ పాక వెంకటసత్యనారాయణ ఏకగ్రీవంగా ఎన్నికైనారు. ఫిరాయింపుల చట్టం ఎక్కడా అడ్డు తగలలేదు. రాజీనామా చేసి వెళ్లేవారిని ఆ చట్టం ఆపదు. వెనుక 2019 జూన్‌లో తెలుగుదేశపు ఆరుగురు రాజ్యసభ సభ్యులలో నలుగురు ఒక్కసారిగా భారతీయ జనతా పక్షంలో విలీనమైనప్పుడు ఆ చట్టం దారి ఇచ్చింది, ఇప్పుడు అసలు ఎదురే రాలేదు. చట్టాలు చేసేవారి చాకచక్యం ముందు చట్టాల చాకచక్యం ఏపాటిది!

ఇక పేర్ల విషయం.

రాజ్యసభకు పోటీచేసే వ్యక్తి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలని 2003 వరకు ప్రజాప్రాతినిధ్య చట్టంలో నిబంధన ఉండేది. నిబంధనను గౌరవించిన తీరు అందరూ ఎరిగినదే. అస్సాం నుంచి 1991లో మొదలుకొని అయిదు పర్యాయాలు రాజ్యసభకు ఎన్నికైన డాక్టర్ మన్మోహన్‌సింగ్ గౌహతిలో ఓటరుగా నమోదైనారు. ఆయన ఆ నగరంలో ఎన్ని రాత్రులు నిద్రించారని అడిగే పత్రికలకు కొదవ ఉండేది కాదు. 2003లో వాజపేయి ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించి, దేశంలో ఎక్కడ ఓటరైనా చాలునన్నది. ఓటింగు బహిరంగం కావాలని కూడా అదే సవరణ చెప్పింది. శాసనసభ్యుడు తన ఓటు పత్రాన్ని తన పక్షం ఏజెంటుకు చూపించి మరీ పెట్టెలో వేయాలి. చూపకపోతే ఓటు చెల్లదు. ఈ సవరణను ప్రముఖ పాత్రికేయుడు శ్రీ కులదీప్ నయ్యర్ సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 2006 ఆగస్టు 22న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. నివాసం అన్నది సమాఖ్య వ్యవస్థకు ప్రాణాధారమేమీ కాదని తేల్చింది.

ఈ సవరణ వలన తెలుగువారికి నష్టమా, లాభమా అని అడిగితే పద్దు రెండు వైపులా వ్రాయవలసి వస్తుంది. జమ వైపున శ్రీ వెంకయ్యనాయుడు ఉన్నారు. నెల్లూరు జిల్లాకు చెందిన ఆయన 1998 మొదలు మూడు పర్యాయాలు కర్ణాటక నుంచి, 2016లో రాజస్థాన్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. శ్రీ సీతారాం ఏచూరి పశ్చిమ బెంగాల్ నుంచి, శ్రీ జి.వి.ఎల్. నరసింహారావు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చారు. ఖర్చు వైపున 2004లోనూ 2010లోనూ ఆంధ్రప్రదేశ్ నుంచి ఎన్నికైన శ్రీ జైరాం రమేశ్, 2014లో శ్రీమతి నిర్మలా సీతారామన్, 2016లో శ్రీ సురేశ్ ప్రభు, 2020లో శ్రీ పరిమళ్ నథ్వానీ ఉన్నారు. తెలంగాణ నుంచి 2024 ఆగస్టులో శ్రీ అభిషేక్ మను సింఘ్వీ. 2016లో జరిగినది మరీ చిత్రం. కర్ణాటకలో "వెంకయ్య చాలు" అని కన్నడిగులు ఉద్యమం లేవదీయగా ఆయన రాజస్థాన్‌కు మారారు, కర్ణాటకకు శ్రీమతి సీతారామన్ వెళ్లారు, ఆంధ్రకు శ్రీ సురేశ్ ప్రభు వచ్చారు. పిల్లల కుర్చీలాట వలె కనిపించిన ఈ వ్యవహారంలో ఒక్క ఆంధ్ర ఓటరునైనా ఎవరూ సంప్రదించలేదు.

శ్రీ ప్రభు సమర్థుడైన మంత్రి, వ్యక్తిగతంగా మచ్చలేనివారు. అందుచేత ఆయన ఉదాహరణే సరియైనది. ప్రత్యేక హోదా నిరాకరించినందుకు నిరసనగా 2018 మార్చి 8న తెలుగుదేశం మంత్రులు కేంద్ర ప్రభుత్వం నుంచి వైదొలగినారు. శ్రీ అశోక్ గజపతిరాజు పౌరవిమానయాన శాఖను విడిచిపెట్టారు. రెండు రోజులకే ఆ శాఖ శ్రీ సురేశ్ ప్రభుకు అదనపు బాధ్యతగా దక్కింది. ఆయన అప్పటికి రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్ సభ్యుడు, అదీ తెలుగుదేశం శాసనసభ్యుల ఓట్లతో! రాష్ట్రం నిరసనగా ఖాళీ చేసిన కుర్చీని ఆ రాష్ట్రపు సభ్యుడే అలంకరించినాడు. ఆయనను తప్పు పట్టి ప్రయోజనం లేదు. ఆయన తన పక్షానికి విధేయుడు. ఆంధ్రకు విధేయుడై ఉండాలని ఆయనను ఎవరు, ఎప్పుడు అడిగారు?

అంతటితో ఆగితే స్థానికులనే పంపాలన్న తీర్మానానికి తొందరపడి రావచ్చు. కాని 2014 ఫిబ్రవరి 20వ తేదీ నాటి రాజ్యసభను మరువరాదు. లోక్‌సభలో రెండు రోజుల ముందు ఆమోదం పొందిన విభజన బిల్లు ఆనాడు పెద్దల సభకు వచ్చింది. కొత్త ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామని ప్రధాని హామీ ఇచ్చారు. అయిదు చాలదు, పదేళ్లు కావాలని శ్రీ వెంకయ్యనాయుడు పట్టుపట్టారు. హామీ ఇచ్చినవారు అస్సాం సభ్యుడు. అడిగినవారు కర్ణాటక సభ్యుడు. చట్టంలోనికి ఎక్కని ఆ నోటిమాట చుట్టూనే ఆ తరువాతి దశాబ్దమంతా ఆంధ్ర రాజకీయాలు తిరిగినవి. నాడు ఆ సభలో ఆంధ్రప్రదేశ్ పేరిట 18 స్థానాలు ఉండేవి. సభ్యులలో తెలంగాణవారు తెలంగాణవారు, సీమాంధ్రులు సీమాంధ్రులు. రాష్ట్రానికి ప్రతినిధులన్న మాట ఆనాడు ఎవరికి వర్తించిందో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.

ఆ 18 స్థానాలను రెండు రాష్ట్రాలకు పంచడానికి చీట్లు వేశారు. చీటీకి ప్రాంతాభిమానం ఉండదు గదా! తెలంగాణ రాష్ట్ర సమితి అగ్రనాయకుడు శ్రీ కె. కేశవరావు ఆంధ్రప్రదేశ్ సభ్యుడైనారు. శ్రీ దేవేందర్‌గౌడ్, శ్రీమతి రేణుకా చౌదరి కూడా ఆంధ్రప్రదేశ్ పద్దులోనికే వచ్చారు. శ్రీ కె.వి.పి. రామచంద్రరావు, కడప జిల్లావారైన శ్రీ సి.ఎం. రమేశ్ తెలంగాణ సభ్యులైనారు. 2016లో ఆంధ్రకు ప్రత్యేక హోదా కోరుతూ ప్రైవేటు బిల్లు పట్టుకుని పోరాడిన శ్రీ కె.వి.పి. రికార్డుల ప్రకారం తెలంగాణ ప్రతినిధి! 2020లో పదవీకాలం ముగిసేవరకు ఈ ఏర్పాటు చెక్కుచెదరలేదు. చూడబోతే చీటీకి రాజ్యసభతో ఏదో జన్మాంతర బంధం ఉన్నది. 2024 ఫిబ్రవరి 27న హిమాచల్ ప్రదేశ్‌లో శ్రీ సింఘ్వీకీ ఆయన ప్రత్యర్థికీ చెరి 34 ఓట్లు వచ్చినవి. చీటీ తీస్తే శ్రీ సింఘ్వీ పేరే వచ్చింది, వచ్చినవారే ఓడినట్లని అక్కడి ఎన్నికల అధికారి ప్రకటించారు. ఆరు నెలలకు ఆయన తెలంగాణ నుంచి ఏకగ్రీవంగా గెలిచారు. ఆ స్థానం ఖాళీ చేసినది భారత రాష్ట్ర సమితి నుంచి కాంగ్రెసులో చేరిన శ్రీ కేశవరావే.

కాబట్టి నివాస నిబంధనను తిరిగి తెచ్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదన్నది నా అభిప్రాయం. గౌహతిలో అద్దె ఇల్లు దొరికినట్లే విజయవాడలోనూ దొరుకుతుంది. నన్ను కలవరపెట్టేది ఆ ఏకగ్రీవమన్న మాట. ఆంధ్రప్రదేశ్‌లో రాజ్యసభకు 2020 జూన్ 19న నిజంగా పోలింగు జరిగింది. వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థులు నలుగురికీ 38 ఓట్ల చొప్పున వచ్చినవి, తెలుగుదేశం అభ్యర్థి శ్రీ వర్ల రామయ్యకు 17, చెల్లనివి నాలుగు. గెలిచే అవకాశం లేని ఆ పోటీని చాలామంది పరిహసించారు. నాకు మాత్రం అది గౌరవప్రదంగానే తోచింది. పోటీ ఉన్నందుననే ఎవరు ఎటు నిలిచారో, ఎవరి ఓటు ఎందుకు చెల్లలేదో రాష్ట్రానికి తెలిసింది. తరువాత 2022లోను, 2024లో రెండుసార్లు, 2025 మేలోను, నామినేషన్ల ఉపసంహరణ గడువుతోనే ఎన్నిక ముగిసింది. తెలంగాణలో కూడా 2018 మార్చిలో శ్రీ బలరాంనాయక్ పది ఓట్లతో ఓడిన తరువాత 2024 ముగిసేవరకు ఒక్క ఓటూ పడలేదు.

పోటీ ఉంటే డబ్బు పారుతుందని ఏకగ్రీవవాదులు అంటారు. నిజమే. 2012లో ఝార్ఖండ్‌లో పోలింగు నాడే రాంచీ దగ్గర ఒక వాహనంలో రెండు కోట్లకు పైగా నగదు పట్టుబడగా ఎన్నికల సంఘం ఆ ఎన్నికనే రద్దు చేసింది. అమెరికాలో సెనేటర్లను రాష్ట్ర శాసనసభలు ఎన్నుకున్న కాలంలోనూ ఇదే వరుస. ఇల్లినాయ్ నుంచి వచ్చిన లోరిమర్ అనే సెనేటరు ఎన్నికలో లంచాలు నడిచినవని 1912లో సెనేట్ అతని ఎన్నికనే చెల్లదన్నది. మరుసటి ఏడాది రాజ్యాంగాన్ని సవరించి, సెనేటరును రాష్ట్రమంతటి ఓటర్లు నేరుగా ఎన్నుకునే పద్ధతి తెచ్చుకున్నారు. ఆ దేశంలో కోటీశ్వరులు అంతటితో తగ్గిపోయారని చెప్పలేము గాని, అభ్యర్థి ప్రతి జిల్లాకూ వెళ్లి నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పక తప్పడంలేదు. మనవద్ద ప్రత్యక్ష ఎన్నిక అంటే రాజ్యాంగాన్నే మార్చాలి. దానికి ఈ సభ సభ్యులే మూడింట రెండు వంతులు ఓటు వేయాలి. ఆ ఆశ ఎవరూ పెట్టుకోనక్కరలేదు.

రాజ్యాంగం జోలికి పోకుండానే చేయగలిగినది ఒకటి ఉన్నది. నామినేషన్ల చివరి గడియ వరకు పేర్లను జేబులో దాచుకునే పక్షాలు, పదిహేను రోజుల ముందుగా వాటిని బయటపెట్టవచ్చు. పోలవరం మీద, విశాఖ ఉక్కు మీద, కృష్ణా జలాల మీద ఆ అభ్యర్థి ఏమంటాడో ఆయన నోటనే చెప్పించవచ్చు. ఈ మాట ఢిల్లీలో ఒక పక్షం బాధ్యుని వద్ద అన్నాను. ఆయన నవ్వి, "పదిహేను రోజులు పేరు బయట ఉంటే మిగిలిన ఆశావహులు పదిహేను రోజులూ ఇక్కడే ఉంటారు, భరించేదెవరు?" అన్నారు. ఆయన ఇబ్బంది ఆయనది.

2022లో నిండిన స్థానాల గడువు 2028 జూన్ 21తో తీరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు, తెలంగాణలో రెండు, మొత్తం ఆరు. ఆంధ్రకు సంబంధించినంతవరకు ఓటర్లు 2024లో గెలిచిన ఆ 175 స్థానాలవారే. శ్రీకాకుళం పెద్దాయనతో ఈ తారీఖు చెప్పినప్పుడు ఆయన జేబులోనుంచి చిన్న పుస్తకం తీసి వ్రాసుకున్నారు. "పేర్లు తెలిస్తే ఒక కార్డు ముక్క వ్రాయండి బాబూ" అని చిరునామా కూడా ఇచ్చి వెళ్లారు.